టోపీ లేని ఆదివారం

ఆ ఆదివారానికి రూట్ బాబాయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే కాఫీ తాగి, నాన్నను వెంటబెట్టుకుని పదకొండో నంబరు బస్సెక్కి, చివరి స్టాపులో దిగి, అక్కడున్న సిమెంటు బెంచీ మీద ఆయన్ని కూర్చోబెట్టి, మెల్లిగా ఒక మాట చెప్పాలి. ఆ మాట ఏమిటంటే, యుద్ధం జరుగుతున్న ఒక దేశానికి మకాం మార్చేస్తున్నానని. చూసి రావడానికి కాదు, ఉండటానికి. ఈ మాత్రం మాట ఇంట్లోనే కాఫీ తాగుతూ చెప్పచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఆయన భార్యకీ అలాగే అనిపించింది.

రూట్ బాబాయ్ అసలు పేరు బ్యాంకు పాసుపుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. బస్సులు, ట్రాములు, పాత రైళ్ళు, రేవు దాటించే లాంచీల మీద వీడియోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టడం ఆయన పని. అదీ ఒక పనేనా అని నవ్వేవాళ్ళున్నారు. నవ్వనివ్వండి, ఇల్లు గడుస్తున్నది దానిమీదే. జనానికి బాగా ఇష్టమైనవి ఆయన 'చివరి ట్రిప్పు' వీడియోలు. ఎక్కడైనా ఒక రూటు రద్దవుతోందంటే, ముందురోజు వెళ్ళి ఆ బస్సు ముందు నిలబడి, నెత్తిమీది నీలం టోపీ తీసి, "రేపు రండి, ఎక్కుదాం" అంటాడు. అంతే. మిగతా రోజుల్లో ఆ టోపీ నెత్తి దిగే ప్రశ్నే లేదు. పెళ్ళి ఫోటోల్లో కూడా ఉంది, ఆ సంగతి ఆయన భార్య ఈనాటికీ మర్చిపోలేదు. కాబట్టి ఆయన వీడియోలు చూసేవాళ్ళకి ఒక లెక్క స్థిరపడిపోయింది. బాబాయ్ నెత్తిన టోపీ లేదంటే ఒక రూటు పోయినట్టే.

ఇక యుద్ధం సంగతి. ఒకరోజు ఆ దేశం నుంచి ఎవరో పెట్టిన చిన్న వీడియో ఒకటి ఆయన కంటపడింది. వీధికి రెండువైపులా ఇసుక బస్తాలు. మధ్యలో పసుపు రంగు ట్రాము, పగిలిన అద్దాల స్థానంలో చెక్కలు. ఎడమ దీపం కింద ఒక సొట్ట. ఆ సొట్ట చూడగానే బాబాయ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అది పాలవ్యానుకు గుద్దుకుని పడ్డ సొట్ట. గుద్దింది వాళ్ళ నాన్న. ఆయన ట్రాము డ్రైవరు. ఈ ఊళ్ళో ట్రాములు ఎత్తేసినప్పుడు బండ్లన్నిటినీ ఓడకెక్కించి ఆ దేశానికే అమ్మేశారు.

సొట్ట ఒక్కటే అయితే బాబాయ్ రెండు కన్నీటి బొట్లు రాల్చి ఊరుకునేవాడేమో. కానీ ఆ ట్రాములో కిటికీ పక్కన టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చున్న ఒక మనిషి తీరిగ్గా ఆవలించాడు. బాంబులు పడే ఊళ్ళో ఒకడు ట్రాములో కూర్చుని ఆవలిస్తున్నాడంటే, ఆ ట్రాము రోజూ వస్తుందన్న నమ్మకం వాడికి ఎంతగా ఉండాలి? ఇన్నేళ్ళూ తాను పోయేవాటికి వీడ్కోలు చెప్పుకుంటూ తిరిగాడు. తన చిన్నతనం అక్కడ ఇంకా పట్టాల మీద నడుస్తోంది. వెళ్ళి అక్కడే ఉండి, ఆ ఊరి జనం రోజూ పనికి ఎలా వెళ్తున్నారో తీయాలని నిశ్చయించుకున్నాడు. అక్కడి ట్రాము ఆఫీసువాళ్ళకి రాస్తే, వాళ్ళు సరే రమ్మన్నారు.

ఆయన భార్య ఆసుపత్రిలో మందుల కౌంటరు చూస్తుంది. ఈ కబురు విని ఆవిడ కేకలు వేయలేదు. ఫ్రిజ్‌లోవన్నీ బయటపెట్టి శుభ్రంగా తుడిచింది. అది కేకల కంటే ప్రమాదం. తుడవడం అయ్యాక ఒకే మాటంది.

"మామయ్యగారికి మీరే చెప్పండి. ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆయన వెళ్ళమంటే నేను అడ్డుపడను."

ఆవిడ ధైర్యం ఆవిడది. కెమెరా ముందు లక్షల మందితో గడగడా మాట్లాడే ఈ పెద్దమనిషికి నాన్న ఎదురుగా నోరు పెగలదు. లెక్కల్లో తప్పిన సంగతి కూడా పక్కింటివాళ్ళే చెప్పాల్సి వచ్చింది. ఒకవేళ ఎలాగో చెప్పినా, కొడుకు వీధి చివరి కొట్టుకి వెళ్తుంటే గొడుగు పట్టుకెళ్ళమని రెండుసార్లు గుర్తుచేసే మనిషి యుద్ధానికి వెళ్ళమంటాడా? కల్ల. మొగుడు క్షేమంగా ఇంట్లోనే ఉంటాడని ఆవిడ నిశ్చింతగా ఉంది.

నాన్నకి నోటితో చెప్పడానికి బాబాయ్‌కి కాస్త ఊతం కావాల్సి వచ్చింది. వెనక్కి తగ్గకుండా ఉండాలని శనివారం సాయంత్రం స్టాపులో పదకొండో నంబరు ముందు నిలబడి, రేపు పొద్దున మా నాన్నతో ఈ బస్సెక్కుతున్నాను, ఆ తర్వాత ఒక ముఖ్యమైన సంగతి చెబుతాను అని చిన్న వీడియో తీసుకున్నాడు. పదకొండే ఎందుకంటే, పాత ట్రాము నడిచిన దారిలోనే అది నడుస్తుంది. ఆ వీడియో కోసం బయల్దేరేముందు టోపీ వెతికితే అది పెరట్లో తీగ మీద నీళ్ళు కారుతూ కనిపించింది. యుద్ధానికి వెళ్ళినా మానినా ఆ జిడ్డు మాత్రం చూడలేనని భార్య ఉతికి ఆరేసింది. తడి టోపీ పెట్టుకుంటే జలుబు చేస్తుందని ఉత్త తలతోనే వెళ్ళాడు. వీడియో పెట్టేసి, ఫోను మోగకుండా చేసి, నాన్నతో ఎలా మొదలుపెట్టాలో గొణుక్కుంటూ పడుకున్నాడు.

పొద్దున నాన్నతో కలిసి స్టాపు దగ్గరికి వచ్చేసరికి జనం మలుపు దాకా ఉన్నారు. ముందు ఏదో ప్రమాదం జరిగిందనుకున్నాడు. తర్వాత చూస్తే అందరి తలలూ ఉత్తవే, టోపీలన్నీ చేతుల్లో ఉన్నాయి. జన్మలో టోపీ పెట్టనివాళ్ళు కూడా తీయడం కోసమని ఒకటి కొనుక్కుని వచ్చారు. ఒక రిటైరైన కండక్టరు పాత తోలుసంచీ భుజాన వేసుకుని వచ్చాడు. ఈ బస్సులోనే కిటికీ సీటు కోసం పోట్లాడుకుని, ఆ పరిచయంతోనే పెళ్ళి చేసుకున్న జంట ఒకటి వచ్చింది. వాళ్ళు ఇవాళ కూడా ఆ సీటు ఎవరిదనే తగువులోనే ఉన్నారు. ఒకావిడ, బస్సులో చోటు దొరకదేమోనని, ఇంటి నుంచి మడతకుర్చీ తెచ్చుకుంది. వెనకెక్కడో 'పదకొండుని బతకనివ్వండి' అని రాసిన అట్టముక్కలు లేచాయి.

బాబాయ్‌కి అప్పటికి విషయం అర్థమైంది. ఆ మడతకుర్చీ అడిగి తీసుకుని, ఎక్కి నిలబడి, ఈ రూటు రద్దు కావడం లేదండీ, మా ఆవిడ టోపీ ఉతికిందండీ అని అరిచి చెప్పాడు. జనం ఆయనకేసి జాలిగా చూశారు. కండక్టరు దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"నీ బాధ మాకు తెలుసు బాబాయ్. మనసుకి దగ్గరైంది పోతుంటే ముందు ఎవరూ ఒప్పుకోలేరు."

ఈలోగా బస్సు వచ్చింది. తన రూటు రద్దయిందన్న కబురు డ్రైవరుకి ప్రయాణికుల నోటే తెలిసింది. బిక్కమొహం వేసి, ఇంట్లో నిద్రపోతున్న డిపో మేనేజరుకి ఫోను చేశాడు. మేనేజరుకి ఏమీ తెలీదు. కానీ తెలీదని డ్రైవరుతో చెబితే పరువేం కాను? పై నుంచి వచ్చింది, మనమేం చేస్తాం అన్నాడు. అని, తనకి చెప్పకుండా ఇంత పని చేసినందుకు నొచ్చుకుంటూ పెద్దాఫీసుకి ఫోను చేశాడు. పెద్దాఫీసులో ఆదివారం డ్యూటీ అధికారి, డిపో మేనేజరే అంటున్నాడంటే నిజమే అయ్యుంటుందని, తనకి చెప్పకుండా ఇంత పని చేసినందుకు నొచ్చుకుంటూ ఇంకా పైకి ఫోను చేశాడు. బస్సు కదిలేసరికి ఆఫీసు ఆఫీసంతా నొచ్చుకుని ఉంది. నిర్ణయం ఎవరు తీసుకున్నారో ఒక్కరికీ తెలీదు కాబట్టి అది చాలా పైనుంచే వచ్చి ఉండాలని అందరికీ నమ్మకం కుదిరింది.

నాన్న పాత ట్రాము డ్రైవరని ఎవరో కనిపెట్టి ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టారు. కొడుకుని వెనక తలుపు దగ్గరికి నెట్టేశారు. నాన్నకి ఈ హడావుడి ఏమిటో అర్థం కాలేదు, కాకపోతే నచ్చింది. బస్సు మొదటి మలుపు తిరగ్గానే ఆయన చెయ్యి దానంతటదే పైకి లేచి, లేని గంట తాడు లాగింది. "సోడా ఫ్యాక్టరీ" అన్నాడు గట్టిగా.

అక్కడ సోడా ఫ్యాక్టరీ లేదు. ఫోన్లు అమ్మే అద్దాల కొట్టుంది. కానీ బస్సులో సగం మంది తలలు అటు తిరిగాయి. ఎండాకాలం కిటికీలోంచి చెయ్యి చాపితే ఒక పనివాడు పగిలిన ఐసు ముక్కలు ఇచ్చేవాడని ఒకావిడ అంది. నాన్న ఒక్కొక్క స్టాపే పిలుచుకుంటూ పోయాడు. బొగ్గుల అడితి. ఆడపిల్లల బడి. గడియారం బాగుచేసే ముసలాయన కొట్టు. ఏదీ లేదిప్పుడు. పిలిచినప్పుడల్లా బస్సులో ఎవరో ఒకరు "ఆఁ, నేనిక్కడే దిగేవాణ్ణి" అంటూనే ఉన్నారు. భార్య పోయాక నాన్న గొంతు అంత గట్టిగా వినిపించడం అదే మొదలు. జనం మధ్య ఇరుక్కుని వెనకనుంచి వింటున్న బాబాయ్‌కి ఏడుపొచ్చింది. ఈ మనిషిని ఇవాళ, ఆ బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ మాట ఎలా చెప్పాలి?

చివరి స్టాపులో పెద్దాఫీసు అధికారి చేతి మైకు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. కాళ్ళకి ఇంటి చెప్పులే ఉన్నాయి. జనాన్నీ, అట్టముక్కల్నీ చూసి గొంతు సవరించుకుని, ప్రజల మనోభావాలను గౌరవించి పదకొండో నంబరు రద్దు నిర్ణయాన్ని ఈ క్షణమే ఉపసంహరించుకుంటున్నాం అని ప్రకటించాడు. చప్పట్లతో స్టాపు దద్దరిల్లింది. ఆ ఉత్సాహంలో ఎవరో మైకు లాక్కుని బాబాయ్ చేతిలో పెట్టారు. ముఖ్యమైన సంగతేదో చెబుతానన్నావు కదా, కానీయమన్నారు.

నాన్న అప్పటికే సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. రెండో బస్సులో వచ్చిన కోడలు చేతిసంచీతో ఆయన పక్కన నిలబడి ఉంది. బాబాయ్ మైకు కండక్టరుకిచ్చేసి, వెళ్ళి నాన్న ఎదురుగా కింద కూర్చున్నాడు.

"నాన్నా, నేను ఆ యుద్ధం జరిగే దేశానికి వెళ్తున్నాను. అక్కడే ఉంటాను. మన ట్రాము అక్కడ నడుస్తోంది."

భార్య మామగారి మొహంలోకే చూస్తోంది.

"తెలుసురా," అన్నాడు నాన్న. "ఎడమ దీపం కింద సొట్ట. నేనూ చూశాను. రోజూ మధ్యాహ్నం చూస్తూనే ఉన్నాను. నువ్వు అక్కడికి బయల్దేరతావనీ అనుకున్నాను. అక్కడి డ్రైవరు బండిని పానా తిప్పి నడుపుతున్నాడు, గమనించావా? బండి నడిపే పిడి లేదు వాడికి. అది తలచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు."

అంటూ కోటు జేబులోంచి అరచేతంత ఇత్తడి పిడి ఒకటి తీశాడు. ట్రాము డ్రైవరు బండి దిగినప్పుడల్లా ఆ పిడిని ఊడదీసి జేబులో వేసుకోవాలి, అది లేకుండా బండిని ఇంకెవరూ కదిలించకూడదని. చివరి రోజున కూడా నాన్న అలవాటు కొద్దీ జేబులో వేసుకున్నాడు. ఎవరూ అడగలేదు. ట్రాము ఓడెక్కింది, పిడి జేబులోనే ఉండిపోయింది.

"మన ట్రాము ఆపేసిన రోజు ఈ ఊళ్ళో ఒక్క మనిషి రాలేదు. కాలేజీ ఎగ్గొట్టి నువ్వొక్కడివే ఎక్కావు. టికెట్ కూడా కొన్నావు. నిన్ను ఒక్క మాట పలకరించలేదు నేను. నోరు తెరిస్తే ఏడుస్తానని." నాన్న పిడిని కొడుకు చేతిలో పెట్టాడు. "నాకు భయంగా ఉందిరా. వద్దనాలనే ఉంది. కానీ అక్కడ దానికోసం రోజూ పొద్దున్నే జనం నిలబడుతున్నారు. వెళ్ళు. ఇది వాడికియ్యి. గొడుగు కూడా పట్టుకెళ్ళు."

భార్య బెంచీ మీద కూలబడింది.

"మామయ్యగారూ, మీరు వద్దంటారన్న ధైర్యంతోనే నేను ఆ మాటన్నాను."

"నేనూ వద్దంటాననే అనుకున్నానమ్మా, సోడా ఫ్యాక్టరీ దాకా."

ఆవిడ కాసేపు ఏడ్చింది. ఎవరి సంగతీ పట్టించుకోకుండా, బాగా ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని, సంచీలోంచి ఆరిన టోపీ తీసి, మొగుడి నెత్తిన పెట్టి, అంచు సరిచేసింది. నీ టోపీ నెత్తి మీద ఉండగానే తిరిగి రావాలి అని మాత్రం అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. బాబాయ్ నెత్తిన టోపీ కనపడగానే జనం కూడా తమ టోపీలు పెట్టేసుకుని, ఏదీ ముగియలేదన్న తృప్తితో ఇళ్ళకి బయల్దేరారు.

సోమవారం పెద్దాఫీసులో ఒక చిక్కొచ్చింది. నిర్ణయాన్ని ఉపసంహరించుకోవాలంటే ముందు ఆ నిర్ణయమంటూ ఒకటి ఉండాలి కదా. ఎంత వెతికినా దొరకలేదు. పద్ధతి ప్రకారం పోదామని ముందుగా పదకొండో నంబరును రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. దానికి వెంటనే సంతకం అయింది. ఆ రద్దును ఉపసంహరించుకునే రెండో ఉత్తర్వును పై అధికారి పరిశీలనకు పంపారు.

అలా పదకొండు నిజంగానే ఆగిపోయింది. దాని చివరి ట్రిప్పుకి ఎవరూ రాలేదు, ఆదివారమే అందరూ ఏడ్చేశారు కాబట్టి. టోపీ తీయడానికి బాబాయ్ కూడా ఊళ్ళో లేడు. ఎక్కింది నాన్న ఒక్కడే. టికెట్ కొనుక్కున్నాడు. ఇంటికొచ్చేసరికి కొడుకు పంపిన వీడియో ఉంది. ఇసుక బస్తాల మధ్య పసుపు ట్రాము, డ్రైవరు చేతిలో ఇత్తడి పిడి, కిటికీ పక్కన ఎవరో ఆవలింత. కోడలు ముందుగా మొగుడి నెత్తిన టోపీ ఉందో లేదో చూసింది. ఉంది. నాన్న పిడి తిరగడాన్ని మళ్ళీ మళ్ళీ చూసుకుని, చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాడు.

ఇక్కడి రెండో ఉత్తర్వు ఇంకా సంతకం కోసం ఎదురుచూస్తోంది, అక్కడ యుద్ధంలో ట్రాము మాత్రం వేళకే వస్తోంది.