మగ్గం బయటికి తీసిన శనివారం

ఆ శనివారం ఓస్మో పెట్టుకున్న పనులు మూడు. నేలమాళిగలో పడి ఉన్న భార్య మగ్గాన్ని పైకి తేవాలి. మందుల షాపు తెరిచాక వెళ్ళి ఆమె పీల్చే మందు తేవాలి. సాయంత్రం తమ వంతు వచ్చేసరికి భవనంలోని సౌనా అనే ఆవిరిగదిలో కూర్చుని ఒంట్లోని బడలికంతా చెమటలో కార్చెయ్యాలి. మూడింటిలో దేనికీ ఎవరితోనూ పెద్దగా మాట్లాడనక్కర్లేదు. కనుక మంచి రోజే అనుకున్నాడు.

రేడియోలో మాత్రం వారం నుంచి ఒకటే గోల. ఎక్కడో పుట్టిన వైరసు దేశాలు దాటుకుంటూ ఫిన్లాండు వైపు వస్తోందట. ఆరోగ్యశాఖ అధికారి ఒకాయన రోజూ పొద్దున్నే వచ్చి, మనం సర్వసన్నద్ధంగా ఉన్నాం అని చెప్పి వెళ్ళిపోతున్నాడు.

"ఎక్కడయ్యా సన్నద్ధం?" అంది అతని భార్య ఎల్వి కాఫీ పోస్తూ. "మాస్కులున్నాయా అంటే ఉన్నాయంటాడు. ఎక్కడున్నాయంటే సురక్షితమైన చోట అంటాడు. నా కళ్ళజోడు కనబడనప్పుడు నేనూ అదే మాట అంటాను."

"ఊఁ" అన్నాడు ఓస్మో. జీవితమంతా బస్సు నడిపిన మనిషి. డ్రైవరుతో మాట్లాడరాదన్న బోర్డు అతని నెత్తిమీద వేలాడుతుండేది. ఉద్యోగం మానాక బస్సు దిగాడు గానీ, బోర్డు దించలేదు.

ఎల్వి గిన్నె కింద పెట్టి కాసేపు ఊపిరి కూడదీసుకుంది. ఆమెకు ఆస్తమా. జేబులోంచి నీలం మందు డబ్బా తీసి చెవి దగ్గర ఊపి చూసింది. "ఇది రేపటిదాకా వస్తే గొప్పే. మర్చిపోకు. ముసలివాళ్ళని గడప దాటొద్దంటారట. కూర్చుని గోడలు చూస్తూ ఉండమంటావా? మగ్గం ఉంటే పాత దుప్పట్లు చింపి తివాచీలైనా నేస్తాను."

"ఊఁ."

ఆ నాలుగంతస్తుల ఎర్ర ఇటుక భవనం కింద, ఊళ్ళో పెద్ద భవనాలన్నింటి కిందా ఉన్నట్టే, ఒక బంకరు ఉంది. యుద్ధం వస్తే తలదాచుకోవడానికి. యుద్ధం రానంతకాలం అందులో స్కీ బద్దలూ, సైకిళ్ళూ, పెద్దవాళ్ళైపోయిన పిల్లల తోపుడుబళ్ళూ తలదాచుకుంటాయి. ఆపద వస్తే సామానంతా బయటపడేసి ఖాళీ చెయ్యాలని చట్టం. దాని తాళంచెవి ఓస్మో దగ్గరుంటుంది. బంకరు బాధ్యత ఎవరు తీసుకుంటారని భవన సంఘం సమావేశంలో అడిగితే అందరూ తమవల్ల కాదన్నారు. ఓస్మో ఏమీ అనలేదు. అలా వచ్చింది ఆ పదవి.

మగ్గం అట్టడుగున, వెనక గోడకి ఆనించి ఉంది. దాని ముందు నాలుగంతస్తుల సంసారం అడ్డంగా ఉంది. ఓస్మో చేతితొడుగులు వేసుకుని ఒక్కొక్కటే మోసుకొచ్చి ముంగిట్లో మంచు మీద పెట్టసాగాడు.

రెండో అంతస్తు రైయా కుక్కను తిప్పడానికి కిందికి దిగింది. ఓస్మో భుజం మీద ఉన్నది తమ మంచుబండేనని గుర్తుపట్టి ఆగిపోయింది.

"బంకరు ఖాళీ చేస్తున్నారా ఓస్మో గారూ?"

"ఆఁ."

"అంతానా?"

"వెనక గోడ దాకా."

"ఇవాళేనా?"

"మధ్యాహ్నంలోగా అయిపోవాలి" అన్నాడు ఓస్మో. శనివారం మందుల షాపు పెందలాడే మూసేస్తారు. అతని ధ్యాసంతా దాని మీదే ఉంది.

రైయా ముఖం పాలిపోయింది. ఎందుకని మాత్రం అడగలేదు. ఒకరి పనిలో తల దూర్చి ఎందుకని అడగడం అక్కడ మర్యాద కాదు. చెప్పదగ్గదైతే ఆయనే చెప్పేవాడు, చెప్పలేదంటే చెప్పకూడనిదన్నమాట అనుకుంది. కుక్క ఇంకా ఏ చెట్టూ చూసుకోకముందే దాన్ని ఈడ్చుకుంటూ ఇంట్లోకి పోయింది. వెంటనే చేతిలో రెండు ఖాళీ సంచులతో మళ్ళీ బయటికొచ్చి, షాపుల వైపు పరుగులాంటి నడక అందుకుంది.

కాసేపటికి భవన సంఘం అధ్యక్షుడు యోర్మా రోడ్డు పనివాళ్ళు వేసుకునే పసుప్పచ్చ కోటు తొడుక్కుని దిగాడు.

"ఏమోయ్ ఓస్మో, నాకైనా ఒక మాట చెప్పొద్దా?"

"ఏం చెప్పాలి?"

"సరే సరే, నోరు విప్పకు!" యోర్మా చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నేనూ సైన్యంలో చేసినవాణ్ణే. ఆజ్ఞంటే ఏమిటో నాకు తెలుసు."

యోర్మా సైన్యంలో బఠానీల పులుసు కాచేవాడు. అయినా గట్టిగా చప్పట్లు చరిస్తే అంతస్తు అంతస్తుకీ తలుపులు తెరుచుకున్నాయి. ఒకరు బరువు మోస్తుంటే పక్కవాళ్ళు కిటికీలోంచి చూస్తూ కూర్చోవడం ఆ ఊళ్ళో లేదు. పిలవకుండానే వస్తారు, చెయ్యి కలుపుతారు, పనయ్యాక కాఫీ తాగి పోతారు. అందరూ వచ్చారు. ఫ్లాస్కుల్లో కాఫీ వచ్చింది. దాల్చినచెక్క బన్నులు వచ్చాయి. ఏం ముంచుకొస్తోందని ఒక్కరూ అడగలేదు. అందరూ గంభీరంగా తలలూపుకుంటూ చీమల్లా మోస్తున్నారు.

"అది కాదు, ఆ మగ్గం..." అన్నాడు ఓస్మో.

"మగ్గమా? అదీ బయటికే!" అని యోర్మా కేకేశాడు. ఇద్దరు మగవాళ్ళు మగ్గాన్ని ఎత్తుకొచ్చి ముంగిట్లో దించారు. ఓస్మో వెళ్ళేలోగా దాని మీద సైకిళ్ళు పడ్డాయి. సైకిళ్ళ మీద స్కీ బద్దలు, వాటి మీద ఎవరివో పరుపులు. మగ్గం బంకరులోనే నయం, తొంగిచూస్తే కనబడేది.

ఎదురు భవనం వాళ్ళు కిటికీల్లోంచి చూశారు. "ఎర్ర ఇటుక వాళ్ళకి ఏదో కబురొచ్చింది. మనం చలికి చచ్చిన ఈగల్లా కూర్చుందామా?" అని వాళ్ళూ దిగారు. వాళ్ళని చూసి పక్క వీధి దిగింది. గోరంతలు కొండంతలు కావడానికి మధ్యాహ్నం దాకా కూడా పట్టలేదు. ఎవరి రేడియోనో గట్టిగా పెట్టారు: బంకర్లు ఖాళీ చెయ్యమని ప్రభుత్వం ఎవరికీ చెప్పలేదు, భయపడవలసిన పనేమీ లేదు.

"విన్నారా?" అంది రైయా. అప్పటికి ఆమె రెండోసారి షాపుకి వెళ్ళి వస్తోంది. "ఏమీ లేకపోతే, ఏమీ లేదని పనిగట్టుకుని ఎందుకు చెప్తారండీ?"

అది విని అందరూ ఇంకాస్త వేగంగా మోశారు.

మగ్గం సంగతి దేవుడికీ, బంకరు తాళంచెవి యోర్మాకీ వదిలేసి ఓస్మో మందుల షాపుకి బయల్దేరాడు. కిరాణా షాపులో రై ధాన్యపు రొట్టెల అరలు నున్నగా ఊడ్చేసి ఉన్నాయి. జనం కాఫీ పొట్లాలు పసిబిడ్డల్లా గుండెకి హత్తుకుని పోతున్నారు. మందుల షాపు వరస తలుపు దాటి వీధిలోకొచ్చింది. ఓస్మో నిలబడ్డాడు. వరస కదిలినప్పుడల్లా జేబులో మందు చీటీ ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

అతని వంతు వచ్చేసరికి షాపులో అమ్మాయి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. చీటీ చూసి తల అడ్డంగా ఊపింది.

"అయిపోయిందండీ. ఊళ్ళో ఆస్తమా ఉన్నవాళ్ళందరూ, ఇంట్లో ఎవరిదో పాత చీటీ ఉన్నవాళ్ళందరూ వచ్చి, రాసిన మందంతా ఒకేసారి తీసుకుపోయారు. మళ్ళీ లారీ వచ్చేది సోమవారమే."

"పక్క ఊళ్ళో?"

"ఫోన్ చేశాను. అక్కడా లేదు." ఆమె ముందుకి వంగి మెల్లగా అంది, "మీకు తెలీదా? ఎర్ర ఇటుక భవనంలో బంకరు ఖాళీ చేస్తున్నారట. అక్కడో ముసలాయనకి మంత్రిత్వ శాఖ నుంచి నేరుగా కబురొచ్చిందట. ఎంతమంది ఎన్ని రకాలుగా అడిగినా నోరు విప్పడట. అంత పెద్ద రహస్యమట!"

వెనక నిలబడ్డవాళ్ళు మర్యాదగా దగ్గారు. ఓస్మో చీటీ మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు. తాను తవ్విన గోతిలో తానే పడితే ఫర్వాలేదు, లేచి దులుపుకోవచ్చు. ఈ గోతిలో పడింది ఎల్వి. డబ్బాలో ఉన్నది రేపటికి వస్తే గొప్ప. ఆసుపత్రికి తీసుకెళ్దామంటే, వైరసు వస్తే ముందు వచ్చేది అక్కడికేనని రేడియో చెప్తోంది. ఇంటికి నడుస్తుంటే దారి పొడుగునా ప్రతి ముంగిట్లో సామాను గుట్టలు, ప్రతి గుట్ట పక్కనా కాఫీ. కొందరు అతన్ని చూసి టోపీలు తీశారు.

భవనం ముందు పట్టణ కార్యాలయం కారు ఆగి ఉంది. ఊరి సన్నద్ధత చూసే అధికారిణి ఆన్నేలి అందులోంచి దిగి, అతన్ని చెత్తడబ్బాల చాటుకి తీసుకెళ్ళింది. ఇక అయింది, జరిమానా తప్పదు అనుకున్నాడు.

"ఓస్మో గారూ, మీకెవరు చెప్పారు?" అంది ఆమె. గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టుంది. "మంత్రిత్వ శాఖ వాళ్ళు ఫోన్ చేశారు. మాకు తెలియనిది మీ ఊరికేమైనా తెలిసిందా అని నన్నడుగుతున్నారు. నాకేం తెలుసు? అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను."

దేశం మొత్తం సన్నద్ధత అంటే ఆ క్షణాన తానొక్కడేనని ఓస్మోకి అర్థమైంది.

అతను ముంగిట్లోకి వెళ్ళి మంచుబండి మీద నిలబడ్డాడు. కాఫీ కప్పులు గాల్లో ఆగిపోయాయి. ఓస్మో మాట్లాడబోతున్నాడు! ఆ భవనంలో అలాంటిది జరిగినట్టు ఎవరికీ గుర్తులేదు.

"మగ్గం" అన్నాడు ఓస్మో. గొంతు సవరించుకున్నాడు. "మా ఎల్వి మగ్గం కావాలంది. వెనకుంది కదా, అడ్డమున్నవి తీశాను. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. వైరసు గురించి మీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. సామాను లోపల పెట్టుకోండి. మా ఆవిడ మందు షాపులో అయిపోయింది."

అంత పెద్ద ఉపన్యాసం ఇచ్చేసరికి చెమట పట్టింది.

యోర్మా ముందుకొచ్చి అతని భుజం తట్టాడు. "భేష్! అలాగే చెప్పమన్నారు కదూ? జనం బెదిరిపోతారని."

"లేదు! మగ్గమే!"

"అర్థమైందోయ్. మగ్గమే. అందరూ విన్నారుగా? ఎవరడిగినా మగ్గమనే చెప్పండి!"

గుంపంతా తలలూపింది. రైయా కళ్ళొత్తుకుంది. నిజం చెప్పినా అతుక్కోవడం లేదు. ఓస్మో మింగలేక కక్కలేక బండి మీద అలాగే నిలబడిపోయాడు.

అప్పుడు మూడో అంతస్తు బాల్కనీ తలుపు తెరుచుకుంది. ఎల్వి ఉన్ని శాలువాలో బయటికొచ్చి కమ్మీ పట్టుకుంది.

"ఓస్మో! నా మగ్గం... ఎక్కడ తగలేశావయ్యా?" ఒక్కో మాటకీ ఆగి ఊపిరి లాక్కుంటోంది. "పొద్దుననగా వెళ్ళావు. మగ్గమూ లేదు... మందూ లేదు... ఏమిటయ్యా ఈ జాతర?"

ఆ చివర వచ్చిన దగ్గు ఆగలేదు. నీలం డబ్బా నోట్లో పెట్టుకుని నొక్కింది. కింద నిలబడ్డవాళ్ళకి కూడా తెలిసింది, డబ్బాలోంచి ఏమీ రాలేదని. ఆమె కమ్మీ మీదకి ఒరిగింది.

ఓస్మో పరుగెత్తాడు. ఓస్మో పరుగెత్తడం కూడా ఎవరూ చూడలేదు. మెట్లెక్కి, ఆమెను లోపలికి తెచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, వీపు రాస్తూ నిలబడ్డాడు. "నెమ్మదిగా" అన్నాడు. "నెమ్మదిగా ఎల్వీ." ఆమె గుండెలో పిల్లి కూస్తోంది. పెదవులు రంగు మారుతున్నాయి. అంబులెన్సుకి ఫోన్ చెయ్యడానికి చెయ్యి చాపాడు.

తలుపు మీద ఎవరో కొట్టారు. రైయా. చేతిలో విప్పని నీలం డబ్బా పెట్టె.

"మా ఇంట్లో ఒకటి ఎక్కువుంది" అంది నేలవైపు చూస్తూ.

ఓస్మో దాన్ని లాక్కున్నంత పని చేశాడు. ఎల్వి ఒకసారి పీల్చింది. ఆగింది. ఇంకోసారి పీల్చింది. పిల్లి కూత మెల్లమెల్లగా దూరం పోయింది. ఓస్మో కుర్చీ పక్కన నేలమీదే కూలబడ్డాడు.

మళ్ళీ తలుపు చప్పుడైంది. నాలుగో అంతస్తాయన ఒక పెట్టె పెట్టి, వాతావరణం గురించి ఒక ముక్క చెప్పి పోయాడు. ఆ తర్వాత కింది ఇంటామె వచ్చింది. ఆ తర్వాత యోర్మా, పసుప్పచ్చ కోటు విప్పేసి, రెండు పెట్టెలతో. క్షమించమని ఎవరూ అనలేదు. కాఫీ బల్ల మీద నీలం పెట్టెలు పేరుకున్నాయి. ఊళ్ళో దొరకని మందంతా ఈ భవనంలోనే ఉంది.

చివరికి ఆన్నేలి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఓస్మో చెప్పగానే ఆ మగ్గం మాట నమ్మింది ఆమె ఒక్కతే. అందుకే అందరికన్నా ఆమెకే ఎక్కువ దిగులుగా ఉంది. "మంత్రిత్వ శాఖకి నేనేం చెప్పనండీ?"

ఓస్మో ఆ రోజు మాటలన్నీ ఖర్చుపెట్టేశాడు. అడుగున ఒక ముక్క మిగిలింది. "బాగా మోశారని చెప్పండి."

సాయంత్రం వార్తల్లో ఆరోగ్యశాఖ అధికారి గొంతులో కొత్త హుషారు వినిపించింది. ఒక చిన్న పట్టణంలో పౌరులు ఎవరూ చెప్పకుండానే బంకర్లన్నీ ఖాళీ చేసి పరీక్షించి చూశారట. దేశం ఎంత సన్నద్ధంగా ఉందో దీన్నిబట్టే తెలుస్తోందట.

ఎల్వి నవ్వబోయి, దగ్గొస్తుందేమోనని మానుకుంది. ఓస్మో సౌనాకి తువ్వాలు తీసుకుంటుండగా యోర్మా తలుపు తోసుకుని వచ్చి, బంకరు తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"అంతా లోపల సర్దేశామోయ్! పెద్దవి ముందు, చిన్నవి తర్వాత. సైన్యం పద్ధతి."

"మరి నా మగ్గం?" అంది ఎల్వి.

"దానికేం ఫర్వాలేదమ్మా, అన్నిటికన్నా ముందు దాన్నే పెట్టాం. వెనక గోడకి ఆనించి, సురక్షితమైన చోట."

ఓస్మో ఏమీ అనలేదు.