పక్కన నిలబడే విద్య

ఇంజనీరింగు కాలేజీల్లో నాలుగేళ్ళపాటు ఏమీ నేర్పరని కొందరు గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారు. ఇది పూర్తిగా నిరాధారమని మనవి. ఒకరు పనిచేస్తుంటే మిగతా ముగ్గురూ పక్కన ఎలా నిలబడాలో అక్కడ క్షుణ్ణంగా నేర్పుతారు. ఆ విద్యకే ఆఖరి ఏడాదిలో ప్రాజెక్టు అని పేరు.

మన కథానాయకుడు అందులో ఫస్టు క్లాసు. అతని బ్యాచిలో ఒకమ్మాయి సర్క్యూటు గీసి, వైర్లు అతికించి, వేళ్ళు కాల్చుకుని యంత్రం తయారుచేస్తుంటే ఇతను సెల్‌ఫోను లైటు పట్టుకున్నాడు. చెయ్యి వణక్కుండా పట్టుకున్నందుకు అందరూ మెచ్చుకుని టార్చి అని పేరుపెట్టారు. ఉద్యోగం ఇంటర్వ్యూలో ప్రాజెక్టులో మీ పాత్ర ఏమిటని అడిగితే ‘సాంకేతిక సమన్వయం’ అన్నాడు. అక్కడికక్కడే తీసుకున్నారు. ఆ అమ్మాయికీ అదే ప్రశ్న వేస్తే, అంతా నేనే చేశానండీ అని నోరు జారింది. నలుగురితో కలిసి పనిచేసే స్వభావం లేదని తేల్చి పంపించేశారు.

కంపెనీవారు టార్చికి మరో ముగ్గురు కొత్తవాళ్ళను జతచేశారు. ఒకడు తన కాలేజీలో ప్రాజెక్టు రిపోర్టుకి బైండింగు చేయించినవాడు. ఇంకొకడు బ్యాచికంతటికీ టీలు మోసినవాడు. మూడో ఆవిడ తెరమీద స్లైడ్లు మార్చడంలో ఆరితేరినది. నీళ్ళ ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే పెట్టె ఒకటి తయారుచెయ్యమని మేనేజరు ఆజ్ఞాపించాడు. ఆరు నెలల్లో పెట్టె పనిచేస్తే నలుగురి ఉద్యోగాలూ ఖాయం, లేకపోతే నలుగురూ ఇంటికే అన్నాడు. టార్చి ఆ మాట ఇంట్లో చెప్పలేదు. వాళ్ళ నాన్న అప్పటికే వీధంతా తిరిగి, మావాడు పెద్ద ఇంజనీరయ్యాడని చాటింపు వేసి వచ్చాడు మరి.

పని మహా జోరుగా సాగింది. టీ ఎక్కడ బాగుంటుందో తేలింది. రిపోర్టు అట్టకి ఏ రంగు వెయ్యాలో ఏకగ్రీవంగా తీర్మానించారు. పెట్టె లేదుగాని, పెట్టె గురించిన స్లైడ్లు మాత్రం చూడముచ్చటగా ఉన్నాయి. వాటిని చూసి మేనేజరుకు ఆనందబాష్పాలు వచ్చాయి. ఆయన తన రోజుల్లో తన బ్యాచి తరఫున కృతజ్ఞతలు చదివినవాడు.

ఆరో నెలలో, వచ్చేవారం పెట్టె కొనేవాళ్ళు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. పెట్టె ఎవరి దగ్గరుందని మేనేజరు అడిగాడు. నలుగురూ అలవాటుకొద్దీ ఒక్కడుగు వెనక్కి వేసి గోడకు తగిలారు. అప్పుడు తెలిసింది టార్చికి, ఈ బ్యాచిలో ఆ అమ్మాయి లేదని. నాన్న వీధిలో ముఖం ఎలా చూపిస్తాడో తలుచుకుని ఆ అమ్మాయికే ఫోను చేశాడు.

“విడిభాగాలు తెప్పించారా?” అందామె.

“తెప్పించారు. అట్టపెట్టెలో ఉన్నాయి.”

“విప్పి చూశావా?”

“లేదు.”

“విప్పు. కరవవులే.”

విప్పాడు. మొదటిరోజు వేలు కాల్చుకున్నాడు. రెండోరోజు మోటారు ఆగక గదంతా నీళ్ళయి మేనేజరు బూట్లు తడిశాయి. మిగతా ముగ్గురూ చెదరని నిష్ఠతో పక్కనే నిలబడ్డారు. స్లైడ్ల ఆవిడైతే లైటు కూడా పట్టుకుంది. చివరికొకనాడు బకెట్టు నిండగానే టక్కుమని మోటారు ఆగిపోయింది. టార్చి నమ్మలేక బకెట్టు వంచేసి మళ్ళీ నింపాడు. మళ్ళీ ఆగింది. నాలుగేళ్ళ చదువులో ఒక్కరోజూ కలగని సంతోషం కలిగి, చిన్నపిల్లాడిలా సాయంత్రందాకా బకెట్టు నింపుతూనే ఉన్నాడు.

కొనేవాళ్ళు వచ్చి, చూసి, మెచ్చి, కొన్నారు. మేనేజరు సభ పెట్టి ఉపన్యసించాడు. “పనిచెయ్యడం ఎవరైనా నేర్చుకోవచ్చు. పని జరుగుతున్నంతసేపూ సహనం కోల్పోకుండా నిలబడటం మాత్రం కొందరికే సాధ్యం. అటువంటివారే రేపటి నాయకులు” అన్నాడు. నలుగురి ఉద్యోగాలూ ఖాయమయ్యాయి. ముగ్గురికి ఆఫీసరు హోదా, తిరిగే కుర్చీలు ఇచ్చారు. టార్చి ఆయన గదిలోకి వెళ్ళి, పెట్టె చేసింది తనే కదా సార్ అని మెల్లగా గుర్తుచేశాడు.

“అందుకే కదయ్యా, నిన్ను ఆ పని దగ్గర్నుంచి కదపలేకపోతున్నాం” అన్నాడు మేనేజరు ఎంతో ఆప్యాయంగా.

ఇంటికి రాగానే నాన్న అతని చేతివేళ్ళ మీద బొబ్బలు చూసి సంగతంతా రాబట్టాడు.

“ఆ ముగ్గురూ ఏం చేశారు?”

“చూశారు నాన్నా.”

“కుర్చీలు వాళ్ళకిచ్చారా?”

“వాళ్ళకే ఇచ్చారు.”

ఆయన తలపట్టుకుని కూలబడ్డాడు. “ఇంజనీరింగు చదివించింది నీ చేత పని చేయించడానికట్రా?” అన్నాడు.

టార్చికి మాత్రం దిగులేమీ కలగలేదు. మర్నాడు అందరికంటే ముందే వెళ్ళి కొత్త విడిభాగాల అట్టపెట్టె విప్పుకున్నాడు. ఇక ఆ తండ్రిని చూసి పాఠకులు నవ్వకుండా ఉండాలని ప్రార్థన. ‘ఈ నాలుగేళ్ళూ కష్టపడు నాన్నా, తరవాత జీవితమంతా కూర్చుని తినొచ్చు’ అని కదా, మనమూ మన పిల్లల్ని కాలేజీ గేటు దాకా దిగబెట్టి వచ్చింది.