అందరూ ముందు నడిచే కళాశాల

విద్యార్థులు కళాశాలకు పోవలసినది చదువుకొనడానికి కాదు, నాయకులు కావడానికి! ఈ సత్యం గ్రహించని తల్లిదండ్రులు ఇంకా కొందరున్నారు. వారిపై జాలి పడుదము.

పూర్వకాలపు అజ్ఞానం చూడండి. సముద్రం మీద వారధి కట్టిన వానరులలో అధ్యక్షుడెవరు? కార్యదర్శి ఎవరు? సహాయ కార్యదర్శి ఎవరు? ఒక్కరూ లేరు! అందరూ రాళ్ళు మోసినారు. అందుకే పాపం, కోతులుగానే మిగిలిపోయినారు. మడుగులో మొసలికి చిక్కిన ఏనుగు మాత్రం? ఒక తీర్మానమా, దానిని బలపరచడమా! తిన్నగా పైకి చూచి మొర పెట్టుకొన్నది. పదిమంది కలిసి పోయి అడిగే డిపుటేషన్ అన్న మాటయే దానికి తెలియదు.

తిరుపతిలోని ఒక కళాశాల ఈ లోపాన్ని సంపూర్ణంగా సవరించినది. పేరు చెప్పితే తక్కిన కళాశాలలు అసూయపడును గనుక చెప్పము.

అక్కడ డిబేటింగ్ సొసైటీకి ఒక అధ్యక్షుడు, హాస్టలు సంఘానికి ఒక అధ్యక్షుడు, టెన్నిస్ బంతుల సంరక్షణ సంఘానికి మరొక అధ్యక్షుడు. యుద్ధం వచ్చిన నాటి నుండి బంతులు దొరకడం లేదు గాని, సంఘం మాత్రం వారం వారం సమావేశమవుతున్నది. చేయి ఎత్తి, దించి, గుండెమీద పెట్టుకొని ఉపన్యాసాలు అభ్యసించేవారు హాస్టలు అద్దాన్ని వదలరు. తక్కినవారికి క్షౌరం చేసుకొనే వీలు లేక గడ్డాలు పెరిగి, ఎక్కడ లేని గాంభీర్యం వచ్చినది. లాభం మీద లాభం!

ఇట్లు అందరూ నాయకులైపోగా మిగిలినవాడు ఒక్కడే, ఏర్పేడు కుప్పయ్య. వేరుసెనగ పండించే మునెయ్య కొడుకు. దినమూ రైలులో వచ్చిపోయేవాడు గనుక, సాయంకాలపు సభలకు తీరిక లేక ఆ భాగ్యానికి నోచుకోలేదు.

అట్టివాని విలువ ఏమని చెప్పేది! నాయకునికి వినేవాడొకడు కావలెను గదా? కుప్పయ్య గేటు దాటగానే చెరొక చేయి పట్టుకొనేవారు.

"కుప్పయ్యా, ఈడ కూసో అబ్బా! నా స్పీచి ఒక్క ముక్క ఇనిపో," అనేవాడు డిబేటింగ్ సొసైటీ అధ్యక్షుడు ధనంజయ.

"నిన్న నీదే ఇన్న్యాడు గదప్పా! ఈ పొద్దు నా వంతు," అని హాస్టలు సంఘాధ్యక్షుడు పరంధామయ్య ఇడ్లీ పొట్లం విప్పేవాడు.

కుప్పయ్య ఒక చేత ఇడ్లీ తింటూ, రెండవ చేత తొడమీద చప్పట్లు కొట్టేవాడు. ఇంతకన్న ఆదర్శ శ్రోత ముల్లోకాలలో ఉన్నాడా?

కాని వాని కడుపులో ఇడ్లీతో పాటు ఒక దిగులు కూడ ఉండేది. యుద్ధానికి పోయే సిపాయిల రైళ్ళకు దారి విడవడానికి వాని రైలును రేణిగుంటలో నిలిపివేసేవారు. కళాశాలలో పది గంటలకు బెల్లు. కుప్పయ్య చేరేది పదిన్నరకు. మొదటి పీరియడు హాజరు పోతూనే ఉన్నది. ఇట్లే సాగితే పరీక్షకు కూర్చోనివ్వరు. "పరీచ్చ పోతే మడక పట్టి సేను దున్నాల్సిందే. ఇంగ సదువు సాలు," అని నాయన ముందే చెప్పి ఉన్నాడు.

ఈ సంగతి నాయకుల చెవిని పడినది. ఆహా, ఏమి ఆనందం! ఇన్నాళ్ళకు ఒక నిజమైన కష్టం దొరికినది!

వెంటనే డిపుటేషన్ బయలుదేరినది. ఎవరూ ఎవరి వెనుకా నడవరు గనుక అందరూ ఒకే వరుసగా, ఆవరణ ఈ గోడ నుండి ఆ గోడ దాకా, భుజం భుజం ఒరసికొంటూ నడిచినారు. ప్రిన్సిపాలు గారి గది వాకిలి మాత్రం నాయకత్వ లక్షణాలు తెలియని పాతకాలపు వడ్రంగి చేసినది. అందులో పట్టేది ఒక్కరే! నలుగురు ఇరుక్కొన్నారు. మిగిలినవారు కిటికీలలో నుండి దిగినారు.

ధనంజయ ప్రాచీన గ్రీసు దేశంతో ప్రారంభించినాడు. పరంధామయ్య మానవజాతి హక్కులన్నీ ఏకరువు పెట్టినాడు. బంతుల సంఘాధిపతి ప్రపంచశాంతి మీద ప్రసంగించి కన్నీరు పెట్టుకొన్నాడు. ప్రిన్సిపాలు గారి కాఫీ చల్లారి మీగడ కట్టినది.

"దివ్యంగా ఉన్నది నాయనా. ఇంతకూ మీకు కావలసినదేమి?" అన్నారాయన.

కోరిక చెప్పడం సెక్రటరీ పని అని ప్రెసిడెంట్లు, జాయింటు సెక్రటరీ పని అని సెక్రటరీలు వదలివేసినారు!

అప్పుడు కిటికీ అవతల నుండి కుప్పయ్య తల కనబడినది.

"మా రైలు అరగంట లేటుగా వస్తా ఉండాది సార్. బెల్లు పదిన్నరకు కొడితే నా హాజరు దక్కతాది."

"అంతేనా? రేపటి నుండి పదిన్నరకే కొట్టిస్తాను. ముందే చెప్పకూడదటయ్యా?"

"సెప్పేదానికి ఈళ్ళు ఉండారు గదా అని ఊరికే ఉన్న్యాను సార్."

జయం! నాయకులు ఒకరినొకరు దండలతో ముంచి, గాంధీరోడ్డు పొడవునా, అంతా ఒకే వరుసగా, బండ్లను ఆపి ఊరేగినారు. ఆ రాత్రి అందరికీ ఒకేసారి జ్ఞానోదయమైనది. కుప్పయ్య జన్మతః నాయకుడు! ఇట్టివానిని శ్రోతగా వృథా చేయవచ్చునా? మరునాడే రైలు విద్యార్థుల సంఘం వెలసినది. కుప్పయ్య అధ్యక్షుడు. హాస్టలు అద్దం ముందు వానికీ ఒక వంతు ఇచ్చినారు.

నెల తిరగకముందే రైలు మరొక అరగంట వెనుకబడినది. ఈసారి ప్రిన్సిపాలు గారే కనికరించి పిలిపించినారు.

"కుప్పయ్యా, బెల్లు ఎప్పుడు కొట్టించమంటావు?"

కుప్పయ్య చేయి ఎత్తినాడు, దించినాడు, గుండెమీద పెట్టుకొన్నాడు.

"అధ్యక్షా! ప్రాచీన గ్రీసు దేశమందు..."

ఆ మహోపన్యాసం ముగిసేసరికి రెండవ పీరియడు హాజరు కూడ పోయినది. ప్రిన్సిపాలు గారు మీటింగు వేళయినదని, బెల్లు సంగతి తేలకుండానే లేచి వెళ్ళినారు. చప్పట్లు కొట్టడానికైనా కళాశాల మొత్తంలో ఒక్కడూ మిగలలేదు.

ఏర్పేడులో మునెయ్య మడకకు కొత్త కర్రు వేయించినాడట. దిగులు పడకండి! అంతటి నాయకునికి మడక ఒక లెక్కా? ఎద్దుల వెనుక నడవవలసి ఉంటుంది, అదొక్కటే చిన్న ఇబ్బంది!