కంబళి కప్పుకున్నవాడు

మంత్రవస్తువుల ముందు మానవులందరూ సమానులే! ఈ మహాసత్యాన్ని మా అధ్యక్షులు సురేంద్రగారు 2024 జూన్ ముప్పయ్యో తేదీ ఆదివారం, అరకులో మా ఇంటి ముందుగదిలో, సామల ఉప్మా తింటూ ప్రకటించారు. తేదీ ఎందుకు గుర్తుందంటే, ఆ ఉప్మా నేనే చేశాను. మా ఆవిడ పోయాక నేర్చుకున్న వంట. ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆటలో ఒకరైన రాజకుమారి తను తెచ్చిన పనసతొనలు నెమ్మదిగా అందరి పళ్ళేల్లోకీ జరిపింది.

మాది మాయావస్తు క్రీడా సంఘం. మా వీధి లాడ్జిలో ఎవరో టూరిస్టు మరిచిపోయిన ఇంగ్లీషు పుస్తకమే మాకు మూలగ్రంథం. మనిషికొక పాత్ర. పాచికలు వేస్తూ, కథ చెప్పుకుంటూ రాక్షసుల గుహల్లో తిరగడమే ఆట. దారిలో ఎవరు ఎదురొస్తారో చెప్పి ఆట నడిపేది నేను. రూలుకు అర్థం చెప్పేది మాత్రం అధ్యక్షులు. ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. పుస్తకాన్ని శుద్ధమైన ఆఫీసు తెలుగులోకి మార్చిందీ, గోడకి బోర్డు పెట్టించిందీ ఆయనే. "ఇక్కడ కులం లేదు, హోదా లేదు, ఆడామగా తేడా లేదు" అని ఉంటుంది ఆ బోర్డుమీద.

బోర్డు కింద మెత్త వేసిన కుర్చీ అధ్యక్షులది. దాని పక్కది సరుకుల కొట్టు వరహాలరావుది. ఒక కాలు పొట్టిదైన కుర్చీ రాజకుమారిది. ఆమె అనంతగిరి దగ్గర బడిలో సైన్సు టీచరు, కొండమీద ఊరి మనిషి. కాఫీ కలపడం, కప్పులు కడగడం ఆమె వంతు. ఎందుకలా అని నేనొకసారి అడిగితే, "కాఫీ వాళ్ళ కొండదే కదా!" అన్నారు అధ్యక్షులు. కాఫీతోటకీ, ఎంగిలి కప్పుకీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని నాకు అంతవరకూ తెలియదు!

మాకింకో రూలుంది. ఆటలో చచ్చినవారు కుర్చీ ఖాళీ చెయ్యాలి. ఖాళీ అయితే కూర్చోవడానికి వరహాలరావు బావమరిది సిద్ధంగా ఉన్నాడు.

ఆ ఆదివారం ఆటలో రాజకుమారికి పాతపెట్టెలో మాయాకంబళి దొరికింది. ఎదురుగా కోట, కోటమీద విలుకాళ్ళు.

"కప్పుకున్నాను మాస్టారూ," అంది సంబరంగా.

నేను పుస్తకం చదివాను: "ఈ కంబళి కప్పుకున్నవాడు ఎవరికీ కనబడడు."

"ఆగండి!" అన్నారు అధ్యక్షులు. "కప్పుకున్న 'వాడు' అని స్పష్టంగా ఉంది. ఈమె 'వాడు' కాదు. కావున ప్రయోజనం వర్తించదు."

"అంటే నేను కనిపిస్తానా సార్?"

"కంబళి కప్పుకుని కనిపిస్తారు. చలికి వాడుకోవచ్చు. చలి విషయంలో నిషేధమేమీ లేదు."

"రూలు రూలే టీచరమ్మా! నానేటి సేత్తాను?" అన్నాడు వరహాలరావు. "మా బావమరిది రేపట్నుంచైనా వత్తానంతన్నాడు."

"నేనింకా చావలేదండి బాబూ!"

బాణాలు తగిలాయి. ఆమె పాత్రకు ఒక్క గీత ప్రాణం మిగిలింది.

పెరట్లో కప్పులు కడుగుతూ నాతో అంది: "బళ్ళో అయినా ఇంట్లో అయినా ఎవరో ఒకరి పనే మాస్టారూ. ఇక్కడైతే గోడలెక్కుతాను, తాళాలు తీస్తాను. తిరిగెళ్తుంటే బస్సులో కూడా నవ్వొస్తాది. ఈ కుర్చీ పోతే ఆదివారం కూడా సోమవారమే."

నేను తువ్వాలు అందించాను.

మరుసటి ఆదివారం వాన. ఆటలో ముగ్గురూ గుహ ముందుకు చేరారు. అక్కడొక కాపలా భూతం. పుస్తకంలో అది ఎప్పటినుంచో ఉంది. ఆరోజు దాన్ని నిద్ర లేపింది మాత్రం నేను. అధ్యక్షుల తెలుగునే గట్టిగా చదివాను:

"ఈ భూతం కంటబడినవాడు తక్షణమే రాయి అగును."

రాజకుమారి బళ్ళో పిల్లలాగా చెయ్యెత్తింది.

"సార్, కంటబడిన 'వాడు' అని స్పష్టంగా ఉంది. నేను 'వాడు' కాదు కదా! నాకు వర్తించదు. మీరిద్దరూ రాళ్ళు."

"ఏటీ!" అని లేచాడు వరహాలరావు. "సార్, బేగి ఏటో ఒకటి సెప్పండి! నాను కత్తి కూడా తియ్యనేదు!"

అధ్యక్షులు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి వ్యాకరణం మారిపోయింది!

"విశాల దృష్టితో చూస్తే 'వాడు' అనగా స్త్రీలు కూడా. బోర్డు చూడండి, ఆడామగా తేడా లేదు. రాయి అయితే అందరం అవుదాం. అదే సమానత్వం!"

"కంబళికీ ఇదే వ్యాకరణమా సార్?"

"ఒక సంఘంలో రెండు వ్యాకరణాలుంటాయా!" అని బల్ల గుద్దారు.

"మంచిది. పోయిన ఆదివారం నుంచీ నేను కంబళి కప్పుకునే ఉన్నాను సార్. చలికి! కాబట్టి భూతానికి కనబడను. మీరిద్దరూ రాళ్ళు."

పాచికలు వేసే అవసరం కూడా రాలేదు.

"రాయి కావడం మరణం కాదు," అన్నారు అధ్యక్షులు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని. "దీర్ఘకాలిక సెలవు మాత్రమే. కుర్చీ ఖాళీ చెయ్యనక్కరలేదు!"

"ఒప్పుకున్నాను సార్. కానీ రాళ్ళు మాట్లాడవు."

అధ్యక్షులు నోరు మూసుకున్నారు. సమానత్వం బోర్డు కింద రెండు రాళ్ళు కూర్చున్నాయి. రాజకుమారి ఒక్కతే గుహలోకి దిగింది. గోడలెక్కింది, తాళాలు తీసింది, నవ్వింది. చివరికి ఆమెకు రాళ్ళను మనుషుల్ని చేసే తైలం దొరికింది.

"మాస్టారూ, వీళ్ళని మనుషుల్ని చెయ్యనా?"

"నీ ఇష్టం తల్లీ."

"చేసేస్తాను. కాకపోతే ఈపూట కప్పులు వాళ్ళు కడగాలి."

రెండు రాళ్ళూ ఒకేసారి తలూపాయి.

చీకటి పడుతుండగా రాజకుమారి నా గొడుగు తీసుకుని బస్సుకు వెళ్ళింది. వరహాలరావు ఒక కప్పు కడిగి, కొట్టు కట్టెయ్యాలంటూ జారుకున్నాడు. అధ్యక్షులు చొక్కా చేతులు మడిచి పెరట్లో కుళాయి దగ్గర కూర్చున్నారు. పక్కింట్లో లైటు వెలిగింది. ఆయన ఉలిక్కిపడి అటూ ఇటూ చూశారు. కప్పులు, నీళ్ళ బకెట్టు ఎత్తుకుని వంటింట్లోకి వచ్చేశారు.

కప్పుకోవడానికి ఆయన దగ్గర కంబళి లేదు మరి! పెరటి తలుపు చప్పుడు కాకుండా మూసి, ఆ రాత్రికి గడియ పెట్టారు.