తేరుకోని బకెట్

ఆ పొద్దున కోడలు వేసుకున్న పథకం చిన్నదే. బజారుకెళ్లి సన్నజల్లెడ తేవడం, గాజులా మెరిసే పూతను వడగట్టి మట్టికప్పుల్ని అందులో ముంచడం, కరెంటు బట్టీ పెట్టడం. కొత్తగా తెరవబోయే కాఫీ కొట్టుకు నీలం కప్పులు కావాలి. ఆమెకు దొరికిన మొదటి పెద్ద బేరం అది. చెడితే బట్టీ అమ్మేసి, వెనకగది ఖాళీ చేసి, పాత ఆఫీసుకే పోతానని మామగారితో పందెం కూడా కాసింది. ఆ గదిలో పడకకుర్చీ వేసుకోవాలని ఆయనకు రిటైరైన నాటినుంచీ ఆశ.

"గది మధ్యలో బకెట్ ఉంది, తేరుకుంటోంది. ఎవరూ కదపకండి!" అని కేకేసి, కూనిరాగం తీసుకుంటూ వెళ్లిపోయింది.

కదపొద్దన్న దాన్ని తొంగిచూడకుండా ఉండగల మనిషి ఇంకా పుట్టలేదు. పుట్టినా ఆ ఇంట్లో పుట్టలేదు. మామగారు ముందు చూశారు. బకెట్లో గేదె లేచి వెళ్లిన గుంటలాంటి బురదనీళ్లు. నీలం జాడే లేదు. పందెం గెలిచినట్టే అనుకుని గుమ్మం దాటారు. దాటినవారు ఎందుకో ఆగారు. బట్టలకు పెట్టే నీలిమందు సీసా తెచ్చి మొత్తం ఒంపి, చేతికర్రతో కలిపారు.

కాసేపటికి అత్తగారు వచ్చారు. "ఇదేం నీలం! అమావాస్యలా ఉంది!" అని గొణిగి, మూలనున్న తెల్లమట్టి బస్తాలోంచి చేటతో కుమ్మరించారు. అది గోడకు కొట్టే సున్నంలా చిక్కబడింది. తరువాత కోడలి మొగుడుగారు చూసి, పెళ్లాం కొలత తప్పిందనుకుని, కుళాయి గొట్టం అందులో పెట్టి ఫోనులో పడ్డాడు. నీలం వరద హాలు దాకా నడిచింది. చేతికందిన గుడ్డతో తుడిచాడు. ఆ గుడ్డ తండ్రిగారి కొత్త చొక్కా. సాయంత్రం చొక్కా చూసిన తండ్రిగారు దాన్ని గబగబా మడిచి దాచేశారు. ఆ మరక తన చలవేననుకున్నారు.

కోడలు వచ్చింది. పొర్లుతున్న బకెట్ వంక ఒకసారి, ముగ్గురి వంక ఒకసారి చూసి, తలుపేసుకుని పనిలో పడింది.

మర్నాటికి బట్టీ పన్నెండు వందల డిగ్రీలు దాటింది. ఈ ముగ్గురి గుండెలు అంతకుముందే దాటాయి.

"అమ్మాయి ఆఫీసుకు పోతే మధ్యాహ్నాలు నాతో మాట్లాడేదెవరండీ?" అన్నారు అత్తగారు.

"నన్నడుగుతావేం! నేనేం చేశాను?" అని మామగారు ఉలిక్కిపడ్డారు.

బట్టీ చల్లారాక కోడలు మూత తీసింది. నలుగురూ వంగి చూశారు. వాన వెలిసిన ఆకాశంలా నీలం, ఒక్క కప్పుకూ మచ్చ లేదు.

"నా నీలిమందే!" అన్నారు మామగారు.

"నేను తెల్లమట్టి వెయ్యకపోతే తెలిసేది!"

"నీళ్లు పట్టింది నేనమ్మా!" అన్నాడు కొడుకు.

కోడలు నడుం మీద చెయ్యి వేసుకుంది. "అది నేను చేతులు, కుంచెలు కడిగిన నీళ్ల బకెట్. మట్టి కిందకి దిగితే పైనీళ్లు పారబోద్దామని ఉంచా." బస్తాల వెనక మూతపెట్టిన బకెట్ తెరిచి చూపించింది. లోపల లేత గులాబీ రంగు. "అసలు పూత ఇదీ. కాలితేనే నీలమవుతుంది. మీ నీలిమందు ఆ వేడికి నిలిచేదే కాదు మామయ్యా. అయినా ఇది చెడితే గది మీదేగా, మీరెందుకు కలిపారు?"

మామగారు చేతికర్ర వంక చూసుకున్నారు. ఇంకా నీలంగానే ఉంది.

"వెళ్తూ కూనిరాగం తీశావమ్మా. ఆఫీసుకెళ్లే రోజుల్లో ఎప్పుడూ వినలేదు."

కోడలు తర్వాతి బట్టీలో మూడు కప్పుల్ని ఆ కడుగునీళ్ల మడ్డిలో ముంచి కాల్చింది. గేదె రంగులో వచ్చాయి. మామగారి పడకకుర్చీ ఇప్పుడు బట్టీ పక్కనే ఉంటుంది. ముగ్గురూ ఆ కప్పుల్లోనే కాఫీ తాగుతూ, ఆ రంగు మాత్రం తమది కాదంటే తమది కాదని వాదించుకుంటారు.