ఛైర్మన్ గారి పొగ హెచ్చరిక

అక్క తన కూతురు యశస్వినికి రెండో జడ అల్లుతోంది. నేను రిబ్బన్లు అందిస్తున్నాను. దుర్గాశ్రీనివాస్ బావ అరుగు మీద నిలబడి గాలి ఎటు వీస్తుందో చూస్తున్నాడు.

"గడ్డి తగలబెట్టే ఆలోచనేం లేదుగా మీకు?" అంది అక్క, జడ మీంచి చూపు తిప్పకుండా.

"లేదే. మాటిచ్చాను కదా."

కోత మిషను వదిలేసిన గడ్డి చేలో అలాగే పడి ఉంది. అది తీస్తేగాని మినుములు చల్లడం కుదరదు. చేను బడి వెనకే. పొగ తగిలితే యశస్వినికి ఆయాసం. కిందటేడు చల్లపల్లి ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది కూడా.

మధ్యాహ్నం బావ బడికి వచ్చాడు. నేనక్కడే చిన్నపిల్లలకు పాఠాలు చెబుతాను, ఆయన పేరెంట్స్ కమిటీ ఛైర్మన్. అట్టపెట్టె నిండా ఎలుగుబంటి బొమ్మల మాస్కులు తెచ్చాడు.

"ఈ పూట గాలి బాగుండదండీ. ఆటలు ఆపి కిటికీలు మూయించండి," అన్నాడు హెడ్మాస్టరు అబ్రహాము గారితో.

ఆయన బయటికొచ్చి చూశారు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది.

"పొగెక్కడండీ?"

"వస్తుందండీ."

"మీకెలా తెలుసండీ?"

"ఛైర్మన్ని కదండీ."

అబ్రహాము గారు జాగ్రత్త మనిషి. తల్లిదండ్రులందరికీ వాట్సాప్‌లో కబురు పెట్టి, చివర ఛైర్మన్ గారికి కృతజ్ఞతలు కూడా చెప్పారు.

అది చూసి పక్కచేను బుచ్చిరాజు బాబాయి అగ్గిపెట్టెతో బడి వెనక గట్టు మీదున్న బావ దగ్గరికి వచ్చాడు. "పిల్లలెలాగూ లోపలే కదబ్బాయ్, మాదీ ఇవాళే కానిచ్చేద్దాం."

"ఒక చేనంటే సర్దుకుంటారు బాబాయ్. రెండైతే పిల్లలకి ఇబ్బంది కాదూ," అన్నాడు బావ బాధ్యతగా. కిటికీ మూస్తూ నేను విన్నాను.

అంతలో ఆ కబురు చూసి అక్క బడికి వచ్చింది. బావ వైపు చూడనైనా లేదు.

"పొగ ఇక్కడికొస్తుందట కదండీ," అంది అబ్రహాము గారితో. "అదిగో, మా చేలో ఇంకా రాలేదు. ఆటల పీరియడు అక్కడ పెట్టించండి."

పిల్లలు గోలగోలగా చేలో దిగారు. గడ్డి పక్కకు నెట్టి ఖోఖోకి చోటు చేసుకున్నారు. బుచ్చిరాజు బాబాయి చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని ఎవరో విజిల్ పెట్టారు. ఆయన సంతోషంగా ఊదాడు.

"నాన్నా, మా జట్టులో ఒకళ్లు తగ్గారు. కూర్చో," అంది యశస్విని.

బావ కూర్చున్నాడు. 'ఖో' అన్న ప్రతిసారీ ఆయన లేచేలోపు ఆట అయిపోతోంది. యశస్విని మాత్రం ఆయాసం లేకుండా చివరిదాకా పరుగెత్తింది.

"మరి రేపండీ?" అని అడిగారు అబ్రహాము గారు.

"గడ్డి ఉన్నన్నాళ్లూ ఇక్కడేనండీ. మా ఆయన జట్టులో ఉన్నారుగా," అంది అక్క.

మర్నాడు పొద్దున్నే బావ మోకాళ్లకు మందు రాసుకుంటుంటే, అక్క ఇడ్లీ పళ్లెం ముందు పెట్టి, "ఇవాళ ఏడో తరగతి వాళ్లు కూడా వస్తారట," అంది.

బావ ఇడ్లీలు తిన్నాడు. గడ్డి ఎత్తే పంగలకర్ర, మోపులు కట్టే తాళ్లు భుజాన వేసుకుని చేను దారి పట్టాడు.