లచ్చవ్వ కడిగిన బకెట్లు

"ఇయ్యాల ఏదో ఒకటి అంటుకుంటది. నా మాట రాసిపెట్టుకో బిడ్డా," అన్నది లచ్చవ్వ. తార్నాకలోని ఆ ఇంట్లో అప్పటికింకా పొయ్యి కూడా ముట్టించలేదు.

"అంటుకోవాల్నే గదనే అవ్వా! ఆర్పి చూపిస్తేనే నా నౌకరి పక్కా అయితది," అన్నాడు కొడుకు బాలస్వామి.

యూనివర్సిటీ ప్రయోగశాలలో అతను నాలుగేళ్లుగా టెంపరరీ అటెండరు. ఈ రోజు పది గంటలకు ఫైర్ ఆఫీసరు వచ్చి, ఏ మంటను దేనితో ఆర్పాలో పరీక్ష పెడతాడు. బాలస్వామి గుండీలు పెట్టుకుంటూ వల్లిస్తున్నాడు. "కట్టెకు, కాయితానికి నీళ్ల సిలిండరు. నూనెకు నురుగు సిలిండరు, లేకుంటే ఇసుక. కరెంటుకు ఇసుకనే. తప్పితే మనిషి ఖతం."

అందులో 'ఖతం' ఒక్కటే లచ్చవ్వ చెవిలో నిలిచింది. కొడుకు వెళ్లిన అరగంటకే గంపలో సద్ది పెట్టి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించి, క్యాంపస్ దారి పట్టింది.

ప్రయోగశాల వరండాలో ఎవరూ లేరు. గోడకు రెండు ఎర్ర సిలిండర్లు, కింద రెండు బకెట్లు. వాటి నిండా ఇసుక, ఇసుకలో బీడీ ముక్కలు, పాన్ ఉమ్ములు.

"నా కొడుకు నోట్ల మన్ను కొట్టెటందుకే ఎవలో నింపిండ్రు!"

ఇసుకంతా చెట్టు మొదట్లో పారబోసి, బకెట్లు తోమి, నీళ్లు నింపింది. సిలిండర్ల మీద సుద్దముక్కతో గీసిన పిచ్చి గీతలనూ కొంగుతో తుడిచేసింది. రాతలు చెరిగిపోయిన ఆ రెంటిలో ఏది నీళ్లదో, ఏది నురుగుదో తెలియడానికి బాలస్వామి పెట్టుకున్న గుర్తులవి.

ఆఫీసరు ఇన్నయ్య వచ్చాడు. ఆవరణలో మూకుడు పెట్టి, నూనె పోసి అంటించాడు. "కానియ్!"

బాలస్వామి సిలిండర్ల వైపు చూశాడు. గుర్తులు లేవు. ఇసుకే అనుకుని, చూడకుండానే బకెట్ అందుకుని విసిరాడు. నీళ్లు! మంట భగ్గున మనిషెత్తు లేచింది.

"నురుగు కొట్టవయ్యా, నురుగు!"

చేతికందిన సిలిండరును తలకిందులు చేశాడు. అందులోనూ నీళ్లే. గురి తప్పిన ధార తిన్నగా ఇన్నయ్య మీసాల మీద పడింది.

"అయ్యో, నా బిడ్డ!" అంటూ లచ్చవ్వ చెట్టు చాటు నుంచి ఉరికొచ్చి, గంప మీది పళ్లెం తీసి మూకుడు మీద బోర్లించింది. మంట చచ్చింది.

"అవ్వా, ఇసుకేమైందే?"

"నేనే పారబోసిన. మంటకు మన్ను పోస్తరా ఎవలన్న?"

"అది నూనె మంటనే!"

"నూనెకైతే మూత పెడతరు. పసిపిల్లకు గూడ ఎరుకే. నూనె అని ముందుగాల చెప్పొద్దా?"

ఇన్నయ్య మీసాలు పిండుకుని, తడిసిన పరీక్ష కాగితం విప్పాడు.

"సారూ, మావోని నౌకరి పక్కా అయినట్టేనా?"

ఇన్నయ్య కాగితం ఎండలో ఆరబెట్టాడు.

"తప్పు నాది సారూ. వాన్నేం అనకుండ్రి."

పెన్ను విదిలించాడు. పైనుంచి కింది దాకా చదివాడు. మళ్లీ చదివాడు.

"దీంట్ల 'మంట ఆరిందా' అనే అడిగిండ్రు," అన్నాడు ఇన్నయ్య ఎట్టకేలకు. "ఎవరు ఆర్పిండ్రని అడగలే. పక్కానే. గని అవ్వా, ఆ పళ్లెం మాత్రం గీడనే పెట్టిపో."